తెల్లవారకముందే మెలకువ: లేపింది ఏమిటి?

ఉదయం డాక్టరుగారు వార్డులోకి వచ్చినప్పుడు రోగిని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "రాత్రి నిద్ర పట్టిందా?" రోగి ఏదో తల ఊపుతాడు. పక్కనున్న మీరు, అంటే భార్యో, కొడుకో, కోడలో, "యాడ నిద్ర సార్, మూడింటికే లేచి కూసున్నడు" అని చెబుతారు. అప్పుడు డాక్టరుగారు ఇంకో ప్రశ్న వేస్తారు. "ఎందుకు లేచాడు?"

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "ఏమో సార్, వయసు" అంటారు. కానీ ఈ ప్రశ్నకు జవాబు రక్తపరీక్షలో దొరకదు, ఎక్స్‌రేలో కనిపించదు. ఆ వేళలో పక్కన ఉన్నవారు చూసి చెబితేనే తెలుస్తుంది. దగ్గు లేపిందా, ఆయాసం లేపిందా, మూత్రం లేపిందా, చెమట లేపిందా, ఏమీ లేకుండానే కళ్లు తెరుచుకొని మనసు బరువెక్కిందా? ఒక్కోదాని వెనుక ఒక్కో జబ్బు ఉండవచ్చు. కొన్నిటికి తెల్లవారే వరకు ఆగవచ్చు. కొన్నిటికి ఆగితే మనిషి దక్కడు. ఆ తేడా మీకు తెలియాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

జబ్బు కాని మెలకువలు

ముందుగా భయపడనవసరం లేనివి చెప్పుకుందాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో తెల్లవారుజామున నాలుగైదు గంటలకు లేవడం జబ్బు కాదు, బ్రతుకుతెరువు. కోడి కూస్తుంది, మసీదులో అజాన్ వినిపిస్తుంది, గుడిలో సుప్రభాతం వేస్తారు, చర్చిలో గంట కొడతారు. పాలు పిండేవారు, వాకిలి ఊడ్చి సాన్పు చల్లేవారు, మగ్గం గుంటలో కూర్చునే గద్వాల నేతకారులు, మొదటి బస్సుకు హైదరాబాదు వెళ్లే కూలీలు వీటన్నిటికంటే ముందే లేచి ఉంటారు. యేసుప్రభువు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి, ఒంటరి చోటికి వెళ్లి ప్రార్థన చేశాడని మార్కు సువార్తలో చదువుతాము.

రైతుల సంగతి వేరే చెప్పాలి. మన జిల్లాల్లో బోరుబావులకు కరెంటు ఏళ్ల తరబడి విడతలుగా వచ్చేది, అది కూడా చాలాసార్లు అర్ధరాత్రి దాటాక. రైతు లేచి, టార్చిలైటు పట్టుకొని, మోటారు వేయడానికి పొలం వెళ్లేవాడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. అయినా అరవై దాటిన రైతులు చాలామంది ఇప్పటికీ రెండింటికో మూడింటికో లేచి కూర్చుంటారు. శరీరానికి ఆ గంట అలవాటైపోయింది.

ఇది ఊరికే అనే మాట కాదు. మన మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, బియ్యపు గింజకంటే చిన్నదైన కణాల గుంపు ఒకటి ఉంది. అదే శరీరానికి గడియారం. ఇలాంటి గడియారం కణం లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి చీకటి పడగానే ఇది నిద్రకు సంబంధించిన మెలటోనిన్‌ను పెంచుతుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒంటి వేడి బాగా తగ్గుతుంది. ఆ తరువాత కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతూ, మనం లేచే సమయానికి బి.పి.ని, గుండె వేగాన్ని సిద్ధం చేస్తుంది. అలారం లేకపోయినా రోజూ ఒకే వేళకు మెలకువ రావడానికి కారణం ఇదే.

వయసు పెరిగేకొద్దీ ఈ గడియారం కొంచెం ముందుకు జరుగుతుంది. నిద్ర పలుచబడుతుంది. రాత్రి ఎనిమిదింటికి పడుకున్న అవ్వ మూడింటికి లేచిందంటే ఏడు గంటలు నిద్రపోయిందని లెక్క. ఆమెకు జబ్బేమీ లేదు. కానీ ఇంట్లోవారు మెడికల్ షాపుకు వెళ్లి నిద్రమాత్ర తెచ్చి వేస్తారు. ఆ మాత్ర మత్తులో చీకట్లో బాత్‌రూముకు లేచి, పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకొనే పెద్దవాళ్లు ఉన్నారు. డాక్టరు రాయని నిద్రమాత్ర దయచేసి ఇవ్వకండి. ఆమె పడుకునే వేళను కాస్త వెనక్కు జరపండి, పగటి కునుకు తగ్గించండి, సాయంత్రం పూట టీ మాన్పించండి. చాలావరకు సరిపోతుంది.

మైకుల గురించి కూడా ఒక మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. పక్కవీధిలో గుండె ఆపరేషన్ అయి వచ్చిన మనిషి ఉండవచ్చు, రాత్రంతా ఏడ్చి అప్పుడే నిద్రపోయిన బిడ్డ ఉండవచ్చు. ఈ మాట ఇతరులకు మాత్రమే కాదు, మన చర్చి మైకుకు కూడా వర్తిస్తుంది.

ఊపిరాడక లేచారా?

ఇది జాగ్రత్తగా గమనించండి. పడుకున్న ఒకటి రెండు గంటలకో, తెల్లవారుజామునో, మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. ఊపిరి అందదు. మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చుంటాడు, లేదా తలుపు తీసి బయటకు వెళ్లి నిలబడతాడు. కాసేపటికి కొంచెం తేలికపడుతుంది. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే. ఒకప్పుడు ఒక దిండు చాలేది, ఇప్పుడు రెండు మూడు కావాలి. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి.

ఇది చాలాసార్లు గుండె బలహీనపడిన లక్షణం. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు, పడుకోగానే తిరిగి రక్తంలోకి చేరుతుంది. దాన్నంతా తోడి పంపే శక్తి గుండెకు లేక, నీరు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. అందుకే కూర్చుంటే హాయి, పడుకుంటే కష్టం. ఇలాంటి మనిషిని బలవంతంగా పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకురండి. నురగలా కఫం పడుతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు.

ఉబ్బసం కూడా ఈ వేళలోనే లేపుతుంది, ఎక్కువగా నాలుగు గంటల ప్రాంతంలో. ఆ సమయానికి శ్వాసనాళాలు సహజంగానే కాస్త ఇరుకవుతాయి, కార్టిసాల్ ఇంకా తక్కువగా ఉంటుంది. ఇందులో దగ్గు, పిల్లికూతలు ఉంటాయి. రైసు మిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవారిలో దుమ్ము వల్ల ఇది ముదురుతుంది. పిల్లలైతే పగలంతా ఆడుకొని తెల్లవారుజామున మాత్రమే దగ్గుతారు, అందుకే తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. పీల్చే మందు అలవాటైపోతుందని భయపడి మానేయకండి. అది అలవాటయ్యే మందు కాదు.

రెండు వారాలకు మించి దగ్గు ఉండి, రాత్రి చెమటలతో బట్టలు తడుస్తుంటే కఫం పరీక్ష చేయించాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

"గ్యాస్ అనుకున్నాం సార్"

అత్యవసర విభాగంలో పనిచేసేవారు ఈ మాట వినని వారం ఉండదేమో. తెల్లవారుజామున ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి. ఇంట్లోవారు సోడా తాగిస్తారు, గ్యాస్ మాత్ర వేస్తారు, వాము నమిలిస్తారు. "తెల్లారనీ, మొదటి బస్సుకు పోదాం" అనుకుంటారు. తెల్లవారేసరికి రెండు మూడు గంటలు గడిచిపోతాయి.

గుండెపోట్లు రోజులో మిగతా వేళలకంటే ఉదయం పూట, ముఖ్యంగా 6 నుంచి మధ్యాహ్నం 12 లోపు ఎక్కువగా వస్తాయని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. లేచే వేళకు బి.పి. పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం కూడా కాస్త పెరుగుతుంది. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా ఇస్తే అంత గుండె కండరం మిగులుతుంది. పోయిన కండరం తిరిగి రాదు. అందుకే గ్యాసా, గుండెపోటా అని మీరు తేల్చవద్దు. ఇ.సి.జి. తేలుస్తుంది. గ్యాసేనని తేలితే నవ్వుకుంటూ ఇంటికి వెళ్లవచ్చు, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

షుగర్ ఉన్నవారికి, ఆడవారికి నొప్పి స్పష్టంగా ఉండకపోవచ్చు. ఊరికే చెమటలు, వాంతి, ఆయాసం, ఎన్నడూ లేని నీరసం ఉంటే అదీ గుండెపోటు కావచ్చు. రోగిని నడిపించకండి, మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేకండి. 108కి ఫోన్ చేయండి. ఒకప్పుడు ఇలాంటి కేసుకు కర్నూలో హైదరాబాదో తప్ప దారి లేదనుకునేవారు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. దగ్గర్లో ఇ.సి.జి. తీసే చోటు ఏదో ఇవాళే తెలుసుకొని పెట్టుకోండి. ఆ రాత్రి వెతుక్కోవడానికి సమయం ఉండదు.

కడుపునొప్పితో లేచిన మనిషి కనురెప్పలు చూడండి

నేల మీద చాప వేసుకొని పడుకున్న మనిషి, బిడ్డయినా పెద్దయినా, తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. వాంతి చేసుకుంటాడు. గొంతు పట్టేసినట్టుందంటాడు. ఒంటిమీద గాయం కనిపించదు. తిన్నది పడలేదని అందరూ అనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, ఎదుటి మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగలేడు.

ఇది కట్లపాము కాటు కావచ్చు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నిద్రపోతున్నవారిని కరుస్తుంది. దాని కాటు నొప్పి పుట్టించదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు, వాపు రాదు. చాలామందికి పాము కరిచిందన్న సంగతే తెలియదు. విషం నరాల మీద పనిచేసి, చివరకు ఊపిరి తీసే కండరాలను కూడా పడగొడుతుంది. ధాన్యం, పత్తి నిల్వ చేసిన ఇళ్లలో ఎలుకలు ఉంటాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. వానాకాలంలో మరింత జాగ్రత్త అవసరం.

అలాంటప్పుడు పాము కనబడలేదు కదా అని వెనకాడవద్దు. మంత్రం వేయించడానికి వెళ్లవద్దు, కోయవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. మనిషిని కదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108లో తీసుకురండి. "రాత్రి నేలమీద పడుకున్నాడు" అన్న ఒక్క మాట డాక్టరుకు చెప్పండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది. దారిలో కళ్లు మూతపడి, కదలిక లేకపోయినా ఆశ వదులుకోకండి. లోపల తెలివి ఉండి, మాటలు వినిపిస్తూ, రెప్ప ఎత్తలేని స్థితి అది. కృత్రిమ శ్వాస మీద ఉంచితే అలాంటివారు కూడా లేచి ఇంటికి నడిచి వెళతారు.

మంచం మీద పడుకోవడం, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపడం దీనికి మంచి రక్షణ. దోమతెర దోమల కోసమే అనుకుంటాం కానీ, ఈ మేలు కూడా చేస్తుంది.

షుగర్, మూత్రం, ఇతర కారణాలు

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవారు రాత్రి సరిగా తినకుండా పడుకుంటే, తెల్లవారుజామున చక్కెర పడిపోవచ్చు. పీడకల వచ్చినట్టు లేస్తారు, ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, అయోమయం. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి, ఆ తరువాత ఏదైనా తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రికి తీసుకురండి.

రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం షుగర్ ఎక్కువైనందుకు కావచ్చు, మగవారిలో ప్రొస్టేట్ గ్రంథి పెరిగినందుకు కావచ్చు. నీరు తీసే బి.పి. మాత్ర సాయంత్రం వేసుకుంటున్నా అంతే. ఆ మాత్ర ఉదయం వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి.

అర్ధరాత్రి దాటాక కడుపులో మంట లేపి, ఏదైనా తింటే తగ్గుతుంటే పేగుపూత అనుమానించాలి. ఉదయం లేవగానే వేళ్లు గంటకు పైగా బిగుసుకుంటే కీళ్లవాతం. రోజూ తలనొప్పితోనే మెలకువ వచ్చి వాంతి అవుతుంటే ఆలస్యం చేయకుండా చూపించాలి. పిల్లలు రాత్రి పిర్రల దగ్గర గోక్కుంటూ లేస్తే నులిపురుగులు.

కల్లు సంగతి దాచకండి

ఇది చెప్పడానికి కుటుంబాలు సిగ్గుపడతాయి. రోగి కాలు విరిగో జ్వరంతోనో ఆసుపత్రిలో చేరతాడు. మొదటి రాత్రి బాగానే ఉంటాడు. రెండో రాత్రో మూడో రాత్రో తెల్లవారుజామున లేచి వణుకుతాడు, చెమటలు పోస్తాడు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, సెలైన్ సూది పీక్కుంటాడు. ఇంట్లోవారు గాలి సోకిందని భయపడతారు.

అది గాలి కాదు. రోజూ తాగే కల్లో, సారాయో హఠాత్తుగా ఆగిపోవడం. మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, అలవాటైన కల్లు దొరక్క వింతగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. చేరిన రోజే "ఇన్నేళ్లుగా, రోజూ ఇంత తాగుతాడు" అని చెబితే ఈ రాత్రి రాకుండా మందులు ఇవ్వవచ్చు. మా దగ్గర ఎవరూ తీర్పు తీర్చరు. చెప్పకపోతేనే ప్రమాదం.

ఏ నొప్పీ లేకుండా మెలకువ వస్తే

చివరగా అన్నిటికంటే కనపడని మెలకువ. ఆయాసం లేదు, నొప్పి లేదు. మామూలుగా లేచే వేళకంటే రెండు గంటలు ముందే కళ్లు తెరుచుకుంటాయి, మళ్లీ నిద్ర రాదు. ఆ వేళకు మనసు అత్యంత బరువుగా ఉంటుంది. అప్పులు, ఎండిన బోరు, నకిలీ విత్తనం, బిడ్డ పెళ్లి, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. సాయంత్రానికి కాస్త తేలిక. అన్నం సయించదు, బరువు తగ్గుతాడు, ఎవరితో మాట్లాడడు. రెండు వారాలకు మించి ఇలా ఉంటే అది డిప్రెషన్ అనే జబ్బు. సోమరితనం కాదు, విశ్వాసం తక్కువై వచ్చింది కూడా కాదు.

ఏలీయా ప్రవక్త అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చొని, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ని అడిగినట్టు రాజుల మొదటి గ్రంథంలో ఉంది. దేవుడు అతణ్ని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది ఆ తరువాతే. ఇంట్లో కుంగిపోయిన మనిషికి, "ప్రార్థన చేస్తే అదే పోతుంది" అని చెప్పేవారు ఈ వరుసను గుర్తుంచుకుంటే బాగుండు. ప్రార్థన మానమని మేము అనము. మందు కూడా వేయించండి అంటున్నాము.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఒంటరిగా లేచి చీకట్లో కూర్చుంటున్నారా? వెళ్లి పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు, అలా పుట్టదు. అడిగినందుకు మనసు తేలికపడి ఏడ్చేవారే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకురండి. అర్ధరాత్రయినా 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవలో తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

పత్తి, మిరప వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బా దూలం మీదో మంచం కిందో ఉంటుంది. ఆ ఆలోచన చాలామందికి కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో డబ్బా చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

మందులు మొదలుపెట్టాక మనసు తేరుకోవడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే పనిచేయలేదని మానేయకండి. ఆ వారాల్లో తెల్లవారుజామున ఆయన పక్కన ఎవరు పడుకోవాలో, డబ్బాలు పెట్టిన పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, డిశ్చార్జి కాగితం తీసుకొని ఇంటికి బయలుదేరకముందే ఇంట్లోవారంతా కూర్చొని అనుకోండి.